బస్తీ, బంగళా, ప్రభుత్వ లెక్కలు: ఈ ఆసక్తి ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఓ పల్లె. హైదరాబాద్‌లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బోరబండలో రేకుల గదిలో అక్కాబావల దగ్గర ఉంటాను. కాస్త దూరం పోతే మాదాపూర్ టవర్లు. ఒకే ఊళ్లో ఇళ్ల మధ్య ఇంత తేడా ఎందుకుందో ప్రభుత్వ లెక్కలతో తెలుసుకోవాలని ఉంది. నాన్నేమో ‘డేటా చదువుతున్నావు కదా, సాఫ్ట్‌వేర్ జాబ్ చూసుకో’ అంటున్నారు. ఈ పనికి ఉద్యోగాలుంటాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, మొదటి జీతమూ చాలాచోట్ల తక్కువే. ఈ రెండు మాటలూ నాన్నగారికి దాచకుండా చెప్పండి. ఏ కోర్సు, ఏ పరీక్ష అన్నది కాసేపు పక్కన పెట్టి, ముందు ఒక చిన్న పని సొంతంగా చేసి చూడమంటాను. మీకున్నది ఆసక్తా, నిలబడి చేయగల ఓపికా అన్నది అందులోనే తేలుతుంది.

తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో దక్షిణ డిస్కం (హైదరాబాద్‌కు కరెంటు పంపిణీ చేసే సంస్థ) ఇచ్చే గృహ విద్యుత్ వాడకం వివరాలు ఉన్నాయి. సర్కిల్, డివిజన్, సెక్షన్, ఏరియా వారీగా ఎన్ని కనెక్షన్లు, ఎన్ని యూనిట్లు, ఎంత లోడ్ అన్నది నెలనెలా దొరుకుతుంది. ఒక ఏడాది జనవరి ఫైలు, మే ఫైలు తీసుకోండి. ఒక్కో కనెక్షన్‌కు సగటున ఎన్ని యూనిట్లు కాలాయో లెక్కగట్టండి. ఎండాకాలంలో జూబ్లీహిల్స్ వైపు వాడకం ఎంత పెరిగింది, మీ బోరబండలో ఎంత పెరిగింది? రేకుల కింద వేడి ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కువ ఉడికిపోయే ఇంట్లోనే కరెంటు వాడకం తక్కువ పెరిగితే, ఆ ఇంటివాళ్లు ఫ్యానుతో సరిపెట్టుకుంటున్నారేమో అన్న ప్రశ్న పుడుతుంది. జవాబు ముందే ఊహించుకోకండి, లెక్క ఏం చెబుతుందో చూడండి. ఎక్సెల్‌తోనే మొదలుపెట్టొచ్చు. తర్వాత ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి, మ్యాపుల కోసం ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ నేర్చుకోండి. పనిముట్లు నేర్చుకోవడం కష్టం కాదు. మంచి ప్రశ్న వేయడమే కష్టం, మీరు దాన్ని వేసేశారు.

లెక్క రాగానే దాన్ని అనుమానించడం నేర్చుకోవాలి. బస్తీలో ఒకే మీటరు మీద మూడు కుటుంబాలు బతుకుతుంటాయి, కాబట్టి ఒక కనెక్షన్ అంటే ఒక కుటుంబం కాదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. దానివల్ల వాడకమూ మారి ఉండొచ్చు, కొత్త మీటర్లూ వచ్చి ఉండొచ్చు. అందుకే 2023ను 2024తో నేరుగా పోల్చే ముందు ఆగి ఆలోచించాలి. ఇంటర్వ్యూలో నేను మిమ్మల్ని ఎంపిక చేసేవాణ్నైతే రంగురంగుల గ్రాఫుల కన్నా ఈ నాలుగు వాక్యాలే ముందు చదువుతాను.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఆస్తి ఉన్నవాడి ఇంటి గురించి ప్రభుత్వ లెక్కలు దండిగా ఉంటాయి. లేనివాడి గురించీ, కిరాయికి ఉండేవాడి గురించీ పలచగా ఉంటాయి. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా సంస్థ వెబ్‌సైట్‌నే చూడండి. ప్రాజెక్టులో ఎన్ని ఫ్లాట్లు, ఎంత కార్పెట్ ఏరియా, ఏ అనుమతులు, అన్నీ దొరుకుతాయి. కానీ 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టేవీ, ఎనిమిది ఫ్లాట్లు మించనివీ రిజిస్టర్ చేయనక్కర్లేదు. బస్తీలో కొడుకు పెళ్లికి మేడ మీద వేసిన గది అందులోకి ఎన్నటికీ రాదు. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వెలువరించే రెసిడెక్స్ సూచీ ఇళ్ల ధరలు చెబుతుంది. అది గృహరుణాలిచ్చే సంస్థలు కట్టిన విలువల మీద నడుస్తుంది. నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇంటికి ఏ బ్యాంకు లోన్ ఇచ్చింది గనక? రిజిస్ట్రేషన్ శాఖ ఏరియావారీ మార్కెట్ విలువలు కూడా అసలు అమ్మకం ధరలు కావు, స్టాంపు డ్యూటీ లెక్కకు ప్రభుత్వం కట్టినవి.

ఇక కిరాయిల సంగతి. మన దగ్గర అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే, రిజిస్టర్ చేయించకుండా రాసుకుంటారు. చాలామందికి ఆ కాగితమూ ఉండదు, నోటి మాటే. కాబట్టి మీ అక్కావాళ్లు కట్టే కిరాయి ఏ ప్రభుత్వ ఫైల్లోనూ దొరకదు. టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే ‘మీరేమిట్లు?’ అని కులం అడుగుతారు చూడండి, ఆ ప్రశ్న వల్ల ఇల్లు దొరకనివాళ్లు ఎందరో చెప్పే కాలమ్ కూడా ఎక్కడా లేదు. లెక్కలో ఎవరు లేరో గుర్తుపట్టగలిగినవాళ్లకే ఈ రంగంలో విలువ. ఆ చూపు మీకు పుట్టి పెరిగిన చోటు నుంచే వచ్చింది, దాన్ని తక్కువ అనుకోవద్దు.

ఇళ్ల గురించి వార్డు స్థాయి దాకా వివరంగా చెప్పేది జనగణన. గోడలు దేనివి, కప్పు దేనిది, ఎన్ని గదులు, నీళ్లు ఇంట్లోనా బయటా, మరుగుదొడ్డి ఉందా, సొంతిల్లా కిరాయా అన్నవన్నీ 2011 పట్టికల్లో ఉన్నాయి. ఆ లెక్కలో జీహెచ్‌ఎంసీ జనాభా సుమారు 67 లక్షలు, అందులో దాదాపు మూడోవంతు మురికివాడల్లో ఉన్నారు. అయితే వార్డు సగటును నమ్మి మోసపోవద్దు. ఫిల్మ్‌నగర్‌లో బంగళాల వెనకే బస్తీలున్నాయి, రెండింటినీ కలిపి సగటు తీస్తే వచ్చే ఇల్లు అక్కడ ఎక్కడా కనిపించదు. పైగా 2011 నాటి వార్డుల హద్దులు ఇప్పటి డివిజన్లతో కలవవు. ఇల్లు ‘బాగుంది’ అన్న గడి కూడా ఇంటివాళ్లు అనుకున్నదే. జీవితమంతా గుడిసెలో ఉండి రేకుల ఇంట్లోకి మారినవాళ్లు బాగుందనే అంటారు.

నిర్వచనం ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణతో చెబుతాను. 2012లో కేంద్రం వేసిన సాంకేతిక బృందం దేశంలో పట్టణ ఇళ్ల కొరత 1.88 కోట్లని తేల్చింది. 2011 జనగణనలో పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 1.11 కోట్లు. అంత కొరత ఉన్నచోట అన్ని ఇళ్లు తాళం వేసి ఎలా ఉన్నాయి? కొరతలో దాదాపు 80 శాతం ఇరుకు ఇళ్లదే, అంటే పెళ్లైన జంటకు విడిగా గది లేని కుటుంబాలది. మొత్తం కొరతలో 95 శాతానికి పైగా పేద, అల్పాదాయ వర్గాలదే. ఖాళీగా ఉన్న ఇళ్లు వాళ్లు కొనగలిగే ధరలో, వాళ్ల పని దొరికే చోట లేవు. కొల్లూరులో ప్రభుత్వం 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టింది, అది పెద్ద పనే. కానీ పాతబస్తీలో రోజు కూలీ చేసుకునే మనిషి అక్కడి నుంచి పనికి రావడానికి ఎంత ఖర్చవుతుంది, ఎన్ని గంటలు పడుతుంది అన్నది ఇళ్ల సంఖ్యలో కనిపించదు. ఇదీ మీరు చేయదగిన ప్రాజెక్టే.

ఒక జాగ్రత్త. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీల్లో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లలో) మనుషుల పేర్లుంటాయి, వాటిని బయట పెట్టకండి. చెరువు శిఖం భూముల్లోనో నాలా పక్కనో ఉన్న బస్తీల మ్యాపు గీసినప్పుడు, అది ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించాకే పంచుకోండి. పై చదువుల్లో ఈ సంగతి ఎవరైనా చెబుతారో లేదో గానీ, ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

దారుల విషయానికొస్తే, మీ డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉండటం పెద్ద ఆసరా. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీతోనే అర్హత ఉంది, వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి, మూలవేతనం 56,100తో మొదలవుతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి. పీజీ చేస్తానంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్, టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) డెవలప్‌మెంట్ స్టడీస్, ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో జనాభా అధ్యయనాలు చూడండి, సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షకు సిద్ధమైతే వీటిలో కొన్నింటికి దారి దొరుకుతుంది. ఐఎస్‌ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌కు సొంత పరీక్ష రాయాలి. నగర ప్రణాళికలో ఎం.ప్లాన్‌కు మాత్రం బీఎస్సీ చాలదు. బీఆర్క్, బీప్లాన్, సివిల్ ఇంజినీరింగ్ లేకపోతే సాధారణంగా ఎకనామిక్స్, జాగ్రఫీ, సోషియాలజీల్లో పీజీ అడుగుతారు. బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం), బెంగళూరులోని ఐఐహెచ్‌ఎస్ (నగరాలు, ఆవాసాల మీద పనిచేసేది) లాంటి పరిశోధన సంస్థల ప్రకటనలు ఇప్పటి నుంచే గమనిస్తూ ఉండండి.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఆయన భయం ఇంటి పరిస్థితి నుంచి వచ్చింది, అది న్యాయమైనదే. మీరు నేర్చుకునే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి లెక్కలు తీసే భాష), పైథాన్, మ్యాపుల పని గృహరుణ సంస్థల్లోనూ డేటా అనలిస్ట్ ఉద్యోగాల్లోనూ పనికొస్తాయి కాబట్టి చేతిలో తిండి పెట్టే విద్య ఉంటుందని ఆయనకు చెప్పండి. ఇంటికి వెంటనే డబ్బు కావాలంటే రెండేళ్లు ఉద్యోగం చేసి తర్వాత పీజీకి వెళ్లినా ఏమీ నష్టం లేదు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా కొత్త జనగణన జరగాల్సి ఉంది. దాని పట్టికలు వచ్చేసరికి 2011 పట్టికల్లో మీ వార్డు వివరాలు శుభ్రంగా రాసి పెట్టుకుని ఉంటే, పోల్చే పని వెంటనే మొదలుపెట్టొచ్చు. ఈ సెమిస్టర్ సెలవుల్లో విద్యుత్ ఫైళ్లు దించుకుని, మీ స్టాటిస్టిక్స్ మాస్టారికి రెండు పేజీల నోట్ ఇవ్వండి.