ఫోను ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కో

బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ప్రసూతి ఆసుపత్రిలో పోషకాహార సలహాదారుగా చేరావనీ, ఇరవై నిండని గర్భిణులు సరిగా బరువు పెరిగేలా ఫోనులో సలహాలు పంపే పని నీకు అప్పగించారనీ మీ నాన్న చెప్పాడు. నువ్వు రాసుకున్న మెసేజ్‌లు కూడా చూపించాడు. ‘గర్భిణి మాంసకృత్తులు, ఇనుము సమృద్ధిగా ఉన్న ఆహారం తీసుకోవాలి’ అన్నది మొదటిది. అందులో తప్పేమీ లేదు. కానీ కదిరి నుంచి భర్త వెంట వచ్చి, కె.ఆర్. పురం అవతల కూలీల షెడ్డులో ఉంటున్న పిల్ల దాన్ని చూసి బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటుంది. ఆ బొమ్మను చూసి ‘సలహా అందింది’ అని రిజిస్టరులో రాసుకునేవాళ్ళను చాలామందిని చూశాను. నువ్వు ఆ జాబితాలో చేరకు.

అన్నిటికన్నా ముందు ఆ ఫోను ఎవరిదో కనుక్కో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్ళు 54 శాతమే. ఇంత చిన్న పిల్లల దగ్గర ఇంకా తక్కువే ఉంటుందనుకో. చాలా ఇళ్ళలో ఫోను పగలంతా భర్త జేబులో, సైటు మీద ఉంటుంది. నువ్వు పదకొండింటికి పంపిన మాట ఆమెకు చేరేది రాత్రి ఎనిమిదికి, అదీ అతను వినిపిస్తే. అందుకే తాయి కార్డు, అంటే కర్ణాటకలో గర్భిణి వివరాలు, బరువు రాసే కార్డు, నింపే రోజునే అడుగు: ఫోను ఎవరిది, ఏ వేళకు నీ చేతికి వస్తుంది, ఇంకెవరెవరు వింటారు? చదవడం వచ్చా అని మాత్రం అడగకు, సిగ్గుపడి వచ్చంటారు. మాటను నీ గొంతుతో రికార్డు చేసి పంపితే ఆ గొడవే ఉండదు.

భర్త వింటాడని తెలిస్తే ఆ వినేవాణ్ణే పనిలో పెట్టు. ‘బాబూ, సాయంత్రం వచ్చేటప్పుడు అరడజను గుడ్లు తెచ్చి పెట్టు, రోజుకొకటి ఉడికించి తినాలి’ అని నేరుగా అతనికే చెప్పు. పద్దెనిమిదేళ్ళ కోడలు అత్త దగ్గర గుడ్డు కావాలని నోరు తెరిచి అడగలేదు. కొడుకు తెచ్చి పెడితే ఆ అత్తే ఉడికించి ఇస్తుంది. కుంకుమపువ్వు కొంటున్నామని ఎవరైనా అంటే, ఆ డబ్బుకు ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క కట్టి చెప్పు.

ఇక బరువు సంగతి. మొదటి మూడు నెలల్లో వేవిళ్ళతో పెద్దగా పెరగకపోయినా, కాస్త తగ్గినా సాధారణంగా కంగారు అక్కర్లేదు. నీళ్ళు కూడా నిలవకపోతే మాత్రం డాక్టరు చూడాలి. ఆ తర్వాత నెలకు సుమారు రెండు కిలోలు, మొత్తం మీద 9 నుంచి 11 కిలోలు అన్నది మన ఏఎన్ఎం నర్సులకు నేర్పిన లెక్క. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన లెక్క, గర్భం రాకముందున్న బరువును బట్టి మారుతుంది. 150 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్ల అప్పుడు 45 కిలోలు ఉంటే 11.5 నుంచి 16 కిలోలు పెరగాలి. అదే ఎత్తుకు 40 కిలోలే ఉంటే 12.5 నుంచి 18. మీ డాక్టరు ఏది పాటిస్తే నువ్వూ అదే పాటించు. పదహారు, పదిహేడేళ్ళకు ఒళ్ళు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి తిన్నదాంట్లో బిడ్డతో పాటు తల్లికీ వాటా కావాలి. రెండున్నర కిలోలైనా లేని బిడ్డలు ఈ వయసు తల్లులకు ఎక్కువగా పుట్టేది ఇందుకూ కొంత.

ఈ అంకెలు నీ పుస్తకంలోనే ఉండనీ, ఫోనులో పంపకు. ‘ఇంకా నాలుగు కిలోలు పెరగాలి’ అన్న మాట అత్త చెవిన పడితే, బిడ్డ పెద్దదై కడుపు కోయాల్సి వస్తుందని ఉన్న అన్నంలోనే కోత పెడుతుంది. రీల్స్ చూసే పిల్లయితే లావైపోతానని తనే సగం మానేస్తుంది. ఫోనులో తిండి గురించే మాట్లాడు. బరువు గురించి ఆసుపత్రికి వచ్చినప్పుడు, తాయి కార్డు ముందు పెట్టుకుని, ఆమె ఒక్కదానితోనే మాట్లాడు.

సలహా పంపే ముందు ఒక ప్రశ్న పంపు. ‘బాగా తింటున్నావా?’ అంటే ‘తింటున్నాను’ అనే జవాబే వస్తుంది. ‘నిన్న లేచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా నోట్లో ఏమేం పడింది? టీ కూడా చెప్పమ్మా’ అని అడగాలి. ఒక పిల్ల ఇలా గొంతు పంపింది: ‘పొద్దున ఆరింటికి టీ, బన్ను. టీతోనే మాత్ర. తర్వాత అందరూ తిన్నాక రెండింటికి అన్నం, చారు.’ వెనక కుక్కరు కూతతో సహా వినిపించింది. ఎనిమిది గంటలు ఖాళీ కడుపు అన్నమాట. పైగా ఐరన్ మాత్ర టీతో మింగుతోంది, అది ఒంటికి సరిగా పట్టదు. ఈ రెండు సంగతులూ ఏ కరపత్రం కనిపెట్టగలదు? అప్పుడు ఉపన్యాసం ఇవ్వకుండా ఒకే మార్పు చెప్పాలి: పదింటికి గుప్పెడు వేయించిన వేరుశనగలు, చిన్న బెల్లం ముక్క. మాత్ర సంగతి రెండు రోజులాగి చెప్పాలి, టీకీ మాత్రకూ మధ్య గంటైనా ఎడం ఉండాలని, కాల్షియం మాత్ర వేరే పూట అని. వారం తర్వాత ‘వేరుశనగలు అయిపోయాయా?’ అని అడిగితే, తనను గుర్తుపెట్టుకున్నారని ఆ పిల్లకు అర్థమవుతుంది.

గర్భిణులకు, బాలింతలకు కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొదలుపెట్టిన కిల్కారీ అనే ఫోను సేవ కూడా గొంతుతో పంపేదే. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా 72 సందేశాలు, ఏ నెలకు తగిన మాట ఆ నెలలో కాల్‌గా వస్తుంది. చక్కని ఏర్పాటు. కానీ షెడ్డులో పిల్లకు ఈ పూట ఏం దొరుకుతుందో దానికి తెలియదు. నీ అవసరం అక్కడే.

కర్ణాటకలో 2017 నుంచి మాతృపూర్ణ పథకం కింద గర్భిణులకు అంగన్‌వాడీలో మధ్యాహ్నం వేడి భోజనం పెడుతున్నారు. మన తెలుగు పిల్లలు కన్నడం రాదని ఆ వైపు వెళ్ళరు. దగ్గరి అంగన్‌వాడీ లొకేషన్‌తో పాటు దాని గేటు ఫొటో, అక్కడ ఏమని అడగాలో కన్నడంలో ఒక వాక్యం నీ గొంతుతో పంపు. పోషకాల పట్టికలు పది పంపినా ఇంత మేలు జరగదు.

వాట్సాప్‌లో గ్రూపు పెట్టకు. పెట్టావంటే ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, అందులో సగం మగవాళ్ళ ఫోన్లు. ఒకే మాట అందరికీ విడివిడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకో. అయితే నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది కాబట్టి నీ ఎదుటే చేయించు.

రెండు సంగతులు మెసేజ్‌లతో తేల్చకూడదు. నెలలో మూడు కిలోలు మించి పెరిగితే అది తిండి బరువు కాకపోవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ముఖం, చేతులు వాచినా, తలనొప్పి ఆగకపోయినా, చూపు మసకబారినా ఆ క్షణమే ఫోను చేసి, 108 పిలిపించు. రెండోది వయసు. 18 నిండని పిల్ల గర్భవతి అని తెలిస్తే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వక తప్పదు. దాన్ని మీ పెద్ద డాక్టరు ద్వారా నడిపించు, ఫోనులో ఒక్క ముక్కా రాయకు. వైద్యం మాత్రం దానికోసం ఆగకూడదు.

మొదట చెప్పిన 2019–21 సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భిణులో అని తేలింది. దేశం మొత్తానికి అది 6.8. కాబట్టి నీ దగ్గరకు మనవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళలో చాలామంది ఏడో నెల దాటాక కాన్పుకు పుట్టింటికి వెళ్ళిపోతారు. బిడ్డ బాగా బరువు పెరిగే నెలలు అవే, నీ తూకం యంత్రానికి అందని నెలలూ అవే. అక్కడ బరువు చూసిన రోజున కార్డులో ఆ పేజీ ఫొటో తీసి పంపమను. రీచార్జి అయిపోయి భర్త ఫోను మూగబోవచ్చు, లేదా అతను ఇక్కడే ఉండిపోవచ్చు. పిల్ల బస్సెక్కకముందే వాళ్ళమ్మ నంబరు రాసుకుని, ఒకసారి ఆమెతో మాట్లాడి పెట్టుకో.

నీ అత్తయ్య