పెద్ద దేశాల చేత యుద్ధాలకూ, అబద్ధాలకూ, కర్బనానికీ లెక్క చెప్పించగలమా?

మీరు అడిగింది ఇది: యుద్ధాలు మొదలుపెట్టేదీ, వాటికోసం అబద్ధాలు ప్రచారం చేసేదీ, గాలిలోకి ఎక్కువ కర్బనం వదిలేదీ బలమైన ప్రభుత్వాలే కదా, వాటిని నిలదీసే దారి ఏదైనా ఉందా, విశాఖలో డిగ్రీ చదువుకుంటున్న నాలాంటివాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా అని.

దారి ఉంది. చాలా నిదానంగా సాగే దారి. దాని మొదలు అంతర్జాతీయ కోర్టులుండే హేగ్‌లో లేదు, మామూలు ఆఫీసు రిజిస్టర్లలో ఉంది. ఎవరికి ఎంత నష్టం జరిగిందో, ఎవరు ఏ రోజు ఏం చెప్పారో, ఎవరు ఎంత ఇంధనం కాల్చారో తేదీతో సహా రాయించి పెట్టకపోతే ఎంత పెద్ద కోర్టయినా చేయగలిగింది తక్కువ. ఈ నమ్మకం నాకు ఎలా కుదిరిందో ముందు చెప్తాను.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ మా చుట్టుపక్కల వాళ్ళకి అర్జీలు రాసిపెట్టడం అలవాటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ పగలు ఎలా గడిచిందో ఈ ఊరివాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. గాలి తగ్గాక పెదజాలారిపేట ఒడ్డుకి వెళ్తే ఫైబర్ బోట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి పగిలిపోయి ఉన్నాయి. వలలు సగం ఇసుకలో కూరుకుపోయాయి, లాగితే పీలికలై చేతికొచ్చేవి. నష్టపరిహారం అర్జీలు రాయడానికి నేనూ ఇంకొందరమూ ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అర్జీలో పేరు తర్వాత నింపాల్సింది బోటు రిజిస్ట్రేషన్ నంబరు. చాలామంది చెప్పగలిగారు. ఒక ముసలాయన మాత్రం చెప్పలేకపోయాడు. ఆయనది తెప్ప, ఎప్పుడూ ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఆధారం చూపించమంటే విరిగిన దుంగ ఒకటి, దానికి కట్టిన తాడుతో సహా భుజాన వేసుకుని తెచ్చాడు. ఆయనతో పాటు నేనూ ఆఫీసుకి వెళ్ళాను. గుమస్తా కాగితం అటూ ఇటూ తిరగేసి, "రిజిస్టర్లో లేనిదాన్ని పోయిందని ఎలా రాయను బాబూ?" అన్నాడు. అతని మాటలో కాఠిన్యం లేదు, అతని దగ్గరున్న రూలు అదే. తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి నష్టాల సర్వే జాబితా తీయించాం. తప్పుపడ్డ పేర్లూ వదిలేసిన పేర్లూ పట్టుకుని మళ్ళీ తిరిగితే కొందరికి డబ్బులొచ్చాయి. ముసలాయనకి రాలేదు.

ప్రపంచంలో సైన్యాలు కాల్చే ఇంధనానికీ ఇదే రూలు నడుస్తోంది, కాకపోతే తలకిందులుగా. పేదవాడు పుస్తకంలో లేకపోతే నష్టపోతాడు, బలవంతుడు పుస్తకంలో లేకపోతే తప్పించుకుంటాడు. 1997లో కర్బనం తగ్గించడం మీద జరిగిన క్యోటో చర్చలప్పుడు అమెరికా పట్టుబట్టి, విదేశాల్లో పలుదేశాలు కలిసి చేసే సైనిక చర్యల్లో కాలే ఇంధనాన్ని దేశాల లెక్కల్లోంచి తప్పించింది. అంతా చేసి, ఆ ఒప్పందాన్ని తాను ఆమోదించనే లేదు. 2015 పారిస్ వాతావరణ ఒప్పందంతో ఆ మినహాయింపు పోయింది గానీ, సైన్యం లెక్క చెప్పడమా మానడమా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టానికే మిగిలింది. 2022లో కొందరు పరిశోధకులు దొరికిన సమాచారంతో వేసిన అంచనా ప్రకారం ప్రపంచ ఉద్గారాల్లో, అంటే గాలిలోకి వదిలే కర్బనంలో, సైన్యాల వాటా దాదాపు 5.5 శాతం. సైన్యాలన్నీ కలిపి ఒక దేశం అనుకుంటే ఉద్గారాల్లో అది నాలుగో స్థానంలో ఉంటుంది. అంత పెద్దదాన్ని ఇంకా అంచనాతోనే కొలవాల్సి రావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక ప్రచారం గురించి. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగినప్పుడు మా మేనకోడలు ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతోంది. మార్చి 1న అక్కడ కర్ణాటక విద్యార్థి ఒకరు కాల్పుల్లో చనిపోయారు. మర్నాడు మన ఎంబసీ, బండ్లు దొరక్కపోతే నడిచైనా సరే ఖార్కివ్ వదిలి పెసోచిన్ లాంటి శివారు ఊళ్ళకి వెళ్ళిపొమ్మంది. "మావయ్యా, నడుస్తున్నాం, ఛార్జింగ్ అయిపోతోంది, అమ్మకి చెప్పు" అని మెసేజ్ వచ్చింది. తర్వాత ఫోను మోగలేదు. సరిగ్గా ఆ గంటల్లోనే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో, మనవాళ్ళు బయటపడడానికి మన ప్రభుత్వం కొన్ని గంటలు యుద్ధం ఆపించిందని ఫార్వర్డ్ ఒకటి వచ్చింది. మా అక్క అది నమ్మి, ఇంక గండం గడిచిందని దేవుడికి దీపం పెట్టుకుంది. మార్చి 3న విదేశాంగ శాఖ ప్రతినిధే, ఎవరో బాంబు దాడులు ఆపించారని చెప్పడం ఏమాత్రం సరికాదని విలేకరుల ముందు అన్నారు. పిల్ల, మనవాళ్ళని ఉక్రెయిన్ నుంచి తెచ్చిన ఆపరేషన్ గంగా విమానంలో క్షేమంగా ఇల్లు చేరింది, తీసుకొచ్చిన ప్రభుత్వానికి మా కుటుంబం రుణపడి ఉంది. కానీ పేలుళ్ళ చప్పుళ్ళ మధ్య కొన్ని గంటలు నడిచిన పిల్ల, ఆ ఫార్వర్డ్ చూసి ఏడ్చింది. ప్రభుత్వం సొంత నోటితో కొట్టిపారేసిన ఆ మాట ఆ తర్వాత కూడా తిరుగుతూనే ఉంది.

యుద్ధంలో అబద్ధం కొత్తదేమీ కాదు. 1990లో ఒక కువైట్ అమ్మాయి, ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిబిడ్డల్ని తీసి నేల మీద పడేశారని అమెరికా చట్టసభ సభ్యుల ముందు కన్నీళ్ళతో చెప్పింది. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఒక ప్రచార (పీఆర్) సంస్థ ఆమెను సిద్ధం చేసిందని బయటపడేసరికి కువైట్ కోసం ఇరాక్‌తో చేసిన యుద్ధం అయిపోయింది. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఇరాక్ ఆయుధాల గురించి అంత ఖాయంగా చెప్పిన మాటలూ నిలబడలేదు. అయినా ఆ మాటలన్నీ తేదీలతో సహా రికార్డులో ఉండబట్టే తర్వాత నిలదీయడం కుదిరింది. బ్రిటన్‌లో ఇరాక్ యుద్ధం మీద చిల్‌కాట్ విచారణ 2009లో మొదలై 2016 జులైలో నివేదిక ఇచ్చింది. శాంతియుత మార్గాలన్నీ చూడకముందే యుద్ధంలోకి దిగారని తేల్చింది. "ఏమైనా సరే మీతోనే ఉంటాను" అని 2002లోనే బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ అమెరికా అధ్యక్షుడు బుష్‌కి రాసిన మాటను ప్రజల ముందు పెట్టింది. జైలుకి ఎవరూ వెళ్ళలేదు. చనిపోయిన ఇరాకీల కుటుంబాలకి అది న్యాయం అని నేను అనను. కానీ, తర్వాత వచ్చిన ఏ బ్రిటన్ ప్రధానీ ఆ యుద్ధం గురించి అలా జరగలేదని ధైర్యంగా చెప్పలేడు.

కోర్టుల సంగతి కూడా ఇలాగే సగం సగం. తమ దేశంపై అమెరికా దాడులు చేయించిందని నికరాగ్వా వేసిన కేసులో, 1986లో దేశాల మధ్య తగాదాలు విచారించే అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాకు వ్యతిరేకంగా తీర్పిస్తే, అమెరికా భద్రతా మండలిలో వీటో వేసి అమలు కానివ్వలేదు. పుతిన్ మీద 2023 మార్చిలో, వ్యక్తులను విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అరెస్టు వారెంటు ఇచ్చాక, ఆ ఆగస్టులో దక్షిణాఫ్రికాలో జరిగిన బ్రిక్స్ సదస్సుకి ఆయన స్వయంగా వెళ్ళలేదు. మరుసటి ఏడు మంగోలియా వెళ్తే ఆ దేశం పట్టుకోలేదు.

కర్బనం విషయంలో మాత్రం నిజంగా ఆశపడదగ్గది ఒకటి జరిగింది. 2019లో పసిఫిక్ దీవుల లా విద్యార్థులు కొందరు, వాతావరణ నష్టం మీద అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడగాలని తమ ప్రభుత్వాల వెంటపడ్డారు. మన విశాఖలో ఒక మూలకి సరిపోయేంత జనాభా ఉన్న వనువాటు అనే పసిఫిక్ ద్వీపదేశం ఆ పని భుజానికెత్తుకుంది. 2023లో ఐక్యరాజ్యసమితి తీర్మానం, 2025 జులై 23న కోర్టు అభిప్రాయం. వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని, ఉల్లంఘిస్తే నష్టపోయిన దేశాలకు పరిహారం కూడా ఇవ్వాల్సి రావచ్చని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అయితే ఆ తప్పుకీ ఈ నష్టానికీ ఉన్న సంబంధం నిరూపించాలి. అంటే మళ్ళీ మనం రిజిస్టరు దగ్గరికే వచ్చాం. ఎన్ని పడవలు, ఏ ఊరు, ఏ తేదీ?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 1850 నుంచి బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల పోగైన కర్బనంలో దాదాపు పావు వంతు అమెరికాది. మనం తలసరిన ఏడాదికి 2 టన్నులు వదిలితే వాళ్ళు 14 టన్నుల దాకా వదులుతున్నారు. అది నిజమే, వాదించాల్సిందే. కానీ ఆ లెక్క చూపించి మన ప్రభుత్వాన్ని వదిలేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పరవాడలో 2000 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం మన పక్కనే ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్ళోనే. మా వీధిలో సగం ఇళ్ళు డాక్‌యార్డ్ జీతాల మీద నిలబడ్డవే, నేవీ అంటే నాకు గౌరవం. ఓడలు ఎప్పుడు ఎక్కడికి వెళ్తాయో ఎవరూ అడగక్కర్లేదు. ఏడాది మొత్తం మీద ఎంత ఇంధనం కాలిందో చెప్తే దేశ భద్రతకి వచ్చే ముప్పేమిటో నాకు అర్థం కాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(ఎ) భద్రత పేరుతో నిరాకరించనిస్తుంది, కానీ ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని 8(2) అంటుంది. ఆ ఇంధనం లెక్క అడుగుతూ దరఖాస్తు పెడితే, అందులో ఆ 8(2) సెక్షన్ తప్పకుండా రాయండి. 2024 మార్చి 21న మన సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కేనని చెప్పింది. అదీ జతచేయండి.

మీరు ఇప్పుడే చేయగలిగింది ఇంకొకటుంది. మన చుట్టుపక్కల పెద్ద ప్రాజెక్టు ఏదైనా వస్తే, పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సిన రకం అయితే, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సభను వీడియో తీయాలి. తెలుగులో ఇచ్చే సంక్షిప్త నివేదిక ముందే చదివి వెళ్ళండి. మైకు దగ్గర అడగాల్సింది అంకెలే: ఏడాదికి ఎన్ని టన్నుల బొగ్గు, ఎంత ఉద్గారం, తీరం ఎంత కోతకు గురవుతుంది. మాట్లాడాక భోజనానికి వెళ్ళిపోకండి, చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. సభ చివర జనం చెప్పినదాని సారాంశం తెలుగులో చదివి వినిపించాలి. మీ ప్రశ్న అందులో లేకపోతే అక్కడికక్కడే లేచి చెప్పి చేర్పించండి, కలెక్టరో ఆయన ప్రతినిధో సంతకం పెట్టేది దాని మీదే. తర్వాత కాపీ తీసుకోండి. ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి వచ్చేస్తే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి అప్పీలు చేయడానికి 30 రోజులే గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఇస్తారు. మనకి బెంచి చెన్నైలో ఉంది. ఆ రోజుకి ఆ కాపీ మీ చేతిలో ఉండాలి.