డయాలిసిస్ టెక్నీషియన్‌గా ఉన్న అమ్మాయిని క్లినికల్ ట్రయల్ ఉద్యోగానికి పంపొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ డయాలిసిస్ టెక్నాలజీ చేసి సిటీలో ఒక యూనిట్‌లో పనిచేస్తోంది. ఇప్పుడు ఏదో క్లినికల్ ట్రయల్‌లో, అంటే వైద్య పద్ధతులు పరీక్షించే స్టడీలో, కోఆర్డినేటర్ పోస్టుకి పిలిచారు. అందులో పేషెంట్లకి కాదట, హాస్పిటల్స్‌కే లాటరీ తీస్తారట, ఒక సెంటర్లో ఒక పద్ధతి, ఇంకో సెంటర్లో ఇంకో పద్ధతి. జనాన్ని అడక్కుండా ప్రయోగం చేసే పనిలోకి పిల్లని పంపాలా? అసలు దీనికి ఫ్యూచర్ ఉందా?

జవాబు: సార్, ముందు ఆ లాటరీ సంగతి తేల్చుకుందాం, ఫ్యూచర్ సంగతి తర్వాత.

కొత్త మాత్ర అయితే మనిషి మనిషికీ లాటరీ తీయొచ్చు. కానీ డయాలిసిస్ ఎంతసేపు చెయ్యాలి, మిషన్‌లో టెంపరేచర్ ఎంత పెట్టాలి లాంటివి చాలా చోట్ల యూనిట్ మొత్తానికీ ఒకటే రూల్‌గా నడుస్తాయి, పక్కపక్క బెడ్ల మీద ఒకరికి ఇలా ఇంకొకరికి అలా అంటే చూసేది అదే టెక్నీషియన్ కాబట్టి రెండో షిఫ్ట్‌కల్లా రెండూ కలిసిపోతాయి. అందుకే సెంటర్‌ని మొత్తంగా ఒక వైపు పడేస్తారు, దీన్నే క్లస్టర్ రాండమైజ్డ్ ట్రయల్ అంటారు. కెనడాలోని ఒంటారియోలో మైటెంప్ అని ఒకటి 2017 నుంచి 2021 దాకా జరిగింది, 84 సెంటర్లు, 15 వేల పైచిలుకు పేషెంట్లు. మిషన్ టెంపరేచర్ ఒంటి వేడి కంటే అర డిగ్రీ తగ్గిస్తే గుండె జబ్బులు, చావులు తగ్గుతాయా అని చూశారు. తగ్గలేదు, పైగా చలేస్తోందన్నవాళ్ళు పెరిగారు. అప్పటికే చాలా యూనిట్లు చల్లదనం మంచిదని నమ్మి మొదలుపెట్టేశాయి, అంతమందిని చూడకపోతే ఆ నమ్మకం అలాగే నడిచేది.

ఇంకోటి అమెరికాది, టైమ్ ట్రయల్, 266 సెంటర్లు, 7 వేల మంది. కొత్తగా డయాలిసిస్‌కి వచ్చినవాళ్ళకి సెషన్ కనీసం 4 గంటల 15 నిమిషాలు, అంటే 255 నిమిషాలు పెట్టాలని ఒక గ్రూపు సెంటర్లకి చెప్పారు. చివరికి లెక్క చూస్తే ఆ సెంటర్లలో సగటు 216 నిమిషాలు, మామూలు సెంటర్లలో 207. ఎంత, 9 నిమిషాల తేడా! రెండు వైపులా అంత తక్కువ తేడా ఉండేసరికి ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు, ఎక్కువసేపు చేస్తే మంచిదా కాదా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

ఇది మీ అమ్మాయికి చెప్పి చూడండి, ఆశ్చర్యపోదు. సాయంత్రం షిఫ్ట్‌లో పేషెంట్ "అమ్మా, ఓ పదినిమిషాలు ముందు తీసెయ్యవా, బస్సు పోద్ది" అంటాడు, ఇంకొకాయనకి కాళ్ళు పట్టేస్తాయి, ఇంకొకరికి బీపీ పడిపోద్ది, బయట తర్వాతి షిఫ్ట్‌వాళ్ళు వెయిట్ చూసుకుని కూర్చుని ఉంటారు. ప్రోటోకాల్ రాసే పెద్దాయనకి ఇవన్నీ తెలియాలని లేదు, ఫిస్టులాకి (డయాలిసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళానికి) సూదులు గుచ్చిన పిల్లకి తెలుస్తాయి. ఆమె దగ్గరున్న అసలు సరుకు అదే సార్, సర్టిఫికెట్ కాదు.

ఇక మీ మొదటి భయం. అది న్యాయమైనదే, నేను కొట్టిపారెయ్యను. ఆ టైమ్ ట్రయల్‌లో పేషెంట్లకి సమాచారం ఇచ్చి, వద్దనుకుంటే చెప్పండి అన్నారు, విడిగా సంతకాలు తీసుకోలేదు. ఇలాంటి ట్రయల్స్ కోసమే 2012లో ఒట్టావా స్టేట్‌మెంట్ అని మార్గదర్శకాలు వచ్చాయి. హాస్పిటల్ పెద్దలు ఒప్పుకున్నారు కాబట్టి పేషెంట్లు కూడా ఒప్పుకున్నట్టే అనుకోవడం కుదరదని అందులో ఉంది. విడివిడిగా ఒప్పుకోలు వదిలేయాలంటే అది లేకుండా తప్ప స్టడీ జరగదని చూపించాలి, రిస్క్ కూడా అతి తక్కువగా ఉండాలి, రెండూ ఎథిక్స్ కమిటీ, అంటే స్టడీ న్యాయంగా ఉందో లేదో తేల్చే కమిటీ, చూడాలి. క్లినికల్ ట్రయల్స్ మీద మన దేశం 2019లో తెచ్చిన రూల్స్ ప్రకారం ఆ కమిటీలో డాక్టర్లు కాని మామూలు మనిషి కూడా ఒకరుండాలి. నాకు మాత్రం వద్దనుకుంటే చెప్పండి అనే ఆ ఆప్ట్-అవుట్ కాగితం ఒక్కటీ చాలదనిపిస్తుంది, ఎందుకంటే వారానికి రెండుమూడుసార్లు అదే మిషన్, అదే టెక్నీషియన్ చేతిలో ప్రాణం పెట్టుకున్నవాడు "నాకొద్దు" అని ఎలా అంటాడు? మన యూనిట్లలో శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ ఒడియా మాట్లాడేవాళ్ళూ ఉంటారు, ఇంగ్లీష్ కాగితం గోడకి అంటించి చెప్పేశామంటే కుదరదు. కాదంటే ట్రీట్‌మెంట్ ఏమీ ఆగదని వాళ్ళ భాషలో కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి, ఆ మనిషి మీ అమ్మాయి అవ్వొచ్చు.

లెక్కల వైపు కూడా ఒక విషయం ఆమెకి తెలియాలి. ఒకే సెంటర్ పేషెంట్లు ఒకేలా ఉంటారు, అదే నీళ్ళు, అదే డాక్టరు, అందుకని 40 సెంటర్లలో 60 మంది చొప్పున 2400 మందిని తీసుకున్నా ఆ పోలికని కొలిచే అంకె (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరూ ఒకటే) 0.02 ఉన్నా చాలు, లెక్కకొచ్చేది 1100 మంది అంత సమాచారమే. అందుకే పేషెంట్లని పెంచడం కంటే సెంటర్లని పెంచడం మేలు. ఈ మాట ఇంటర్వ్యూలో చెప్పగలిగితే పక్కన కూర్చున్నవాళ్ళు తలెత్తి చూస్తారు.

నా సలహా ఏంటంటే ఉద్యోగం మంచిదే కానీ ప్రాజెక్ట్ అయిపోతే పోస్టూ పోతుంది, ఇది ముందే తెలుసుకుని దిగాలి. ద్వారకానగర్‌లో బోర్డులు చూసి వేలకి వేలు పోసి క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా మాత్రం కట్టకండి. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి చెందిన చెన్నై సంస్థ ఎన్‌ఐఈ వాళ్ళ రీసెర్చ్ కోర్సు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఫ్రీగా చదువుకోవచ్చు, పరీక్షకి మాత్రమే ఫీజు. తర్వాత ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) ఆలోచించండి, హైదరాబాద్ ఐఐపీహెచ్ లాంటి చోట్ల ఉంది, ఈ పని అనుభవం అప్పుడు అక్కరకొస్తుంది. బయోస్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ అంటే మాత్రం చాలాచోట్ల డిగ్రీలో మ్యాథ్సో స్టాటిస్టిక్సో అడుగుతారు, బైపీసీ పిల్లకి కష్టం.

చేరేముందు ఆ ట్రయల్ సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయిందో లేదో అమ్మాయినే వెతకమనండి, ఎవరైనా చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ అప్రూవల్ లెటర్ చూపించమనండి. పోస్టు ఎన్ని నెలలు, జీసీపీ (ట్రయల్స్ పద్ధతిగా నడిపే నియమాల) ట్రైనింగ్ ఎవరిస్తారు అన్నది ఆఫర్ లెటర్‌లో రాసి ఇస్తేనే ఇప్పుడున్న యూనిట్‌లో నోటీసివ్వాలి, నోటిమాట మీద అయితే వద్దు.