ఆయా నుంచి టీచర్ దాకా: 25,000 పెట్టి పది పాసవ్వాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. వయసు 33. అంగన్‌వాడీలో ఏడేళ్లుగా ఆయాగా చేస్తున్నాను, నెలకు 7,000 వస్తుంది. పదో తరగతి లెక్కల్లో పోయింది, మళ్లీ రాయలేదు. టౌన్లో ఒకాయన 25,000 ఇస్తే ఓపెన్‌లో గ్యారంటీగా పాస్ చేయిస్తానంటున్నాడు. చీటీ పాడుకుని ఇవ్వమంటారా, గొలుసు తాకట్టు పెట్టమంటారా? ఈ వయసులో ఇంత ఖర్చు దండగని మా ఆయన అంటున్నారు.

జవాబు: అమ్మా, చదువు దండగ కాదు. ఆ 25,000 మాత్రం దండగే.

ముందు మీ ఆయనకు ఈ లెక్క చూపించండి. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచర్‌కు గౌరవ వేతనం 11,500. మీకు వచ్చేదానికీ దానికీ తేడా నెలకు 4,500, అంటే ఏడాదికి 54,000. నేరుగా వేసే పోస్టులకు 35 ఏళ్ల పరిమితి ఉంది, చదువు పూర్తయ్యేసరికి మీకది దాటిపోతుంది కాబట్టి మీ దారి ప్రమోషనే. టీచర్ ఖాళీల్లో సగం ఐదేళ్లు పనిచేసిన ఆయాలతో నింపాలని 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అయితే టీచర్‌కు ఇంటర్ ఉండాలని కూడా వాటిలోనే ఉంది. అందుకే పదితో ఆగేలా కాదు, ఇంటర్ దాకా ప్లాన్ వేసుకోండి. మీ ప్రాజెక్టులో ప్రమోషన్‌కు ఏ అర్హత అడుగుతున్నారో సీడీపీఓ (అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారి) ఆఫీసులో కనుక్కోండి.

ఓపెన్ స్కూల్లో పది పాసైన రెండేళ్లకు గానీ ఇంటర్ సర్టిఫికెట్ చేతికి రాదు. ఎవరికి ఎంత ఇచ్చినా ఈ రెండేళ్లు తగ్గవు. మీకు నష్టం తెచ్చేది ఆలస్యమే. ఈ ఏడాది అడ్మిషన్ వదిలేస్తే ఆ 54,000 మరో ఏడాది వెనక్కి పోతుంది.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) అడ్మిషన్ ఫీజు, పరీక్ష ఫీజు కలిపినా ఆయన అడిగినదాంట్లో చిన్న భాగమే. ఆడవాళ్లకు రాయితీ కూడా ఉంది. మిగతాదంతా 'గ్యారంటీ' అనే మాటకు కట్టే ధర. మీ బదులు ఇంకొకరు పరీక్ష రాసినా, పేరు వినని బోర్డు కాగితం చేతిలో పెట్టినా రేపు వెరిఫికేషన్‌లో పోయేది మీ ఉద్యోగం. కేసు కూడా మీ మీదే పడుతుంది.

లెక్కలంటే మీకు టెన్షన్ ఉన్నట్టుంది. ఓపెన్‌లో పదికి ఐదు సబ్జెక్టులు చాలు, వాటిలో లెక్కలు తప్పనిసరి కాదు. సబ్జెక్టుకు 35 మార్కులు వస్తే పాస్. పాసైనవి అలాగే ఉంటాయి, పోయినవే మళ్లీ రాస్తారు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఎప్పటికైనా నర్సింగ్ వైపు వెళ్లాలని ఉంటే మాత్రం సైన్స్ తీసుకోకుండా ఉండకండి.

చీటీ ఇప్పుడు పాడకండి. తొందరపడి పాడుకుంటే కసరు (వేలంలో వదులుకునే సొమ్ము) మీకే నష్టం. గొలుసు జోలికి అసలు వెళ్లొద్దు. బయట రెండు రూపాయల వడ్డీకి 25,000 తెస్తే నెలకు 500 వడ్డీకే పోతుంది. ఆ 500 ఊళ్లో ట్యూషన్ చెప్పే అమ్మాయికి పరీక్షల ముందు నాలుగు నెలలు ఇవ్వండి. నేను ఒప్పుకునే అదనపు ఖర్చు అదొక్కటే. ఫీజుకు, క్లాసులకు బస్సు చార్జీలకు ఈ నెల నుంచే వేతనంలో 500 పక్కన పెట్టండి. తక్కువైతే డ్వాక్రా సంఘం పొదుపులోంచి రెండు మూడు వేలు తీసుకోండి, చాలు.

స్టడీ సెంటర్ చాలాచోట్ల దగ్గరి హైస్కూల్లోనే ఉంటుంది. హెడ్‌మాస్టర్‌ను నేరుగా అడగండి. వెళ్లేముందు పాత స్కూలు టీసీ, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి ఉంటే, పుట్టినతేదీ ఒక్క అంకె తేడా ఉన్నా, దరఖాస్తుకు ముందే సరిచేయించండి. సర్టిఫికెట్ మీద తప్పు పడ్డాక మార్పించడం చాలా తిప్పలు.