అల్లుడికి, కొండ ఎక్కే ముందు

అల్లుడూ,

కొత్త సైకిల్ ఫొటో చూశాను. బాగుంది. దాని కింద నువ్వు రాసిన ముక్కే నచ్చలేదు: "ఆదివారం కొండ పైనుంచి దిగేస్తా మావయ్యా." సైకిల్ వచ్చి మూడు రోజులైనా కాలేదు, అప్పుడే దిగేయడమా? ఫోన్‌లో చెబితే సగం విని "సరే సరే" అంటావు. అందుకే రాస్తున్నాను.

ముందు బ్రేకుల సంగతి. మౌంటెన్ బైకింగ్, అంటే కొండదారుల్లో సైకిల్ తొక్కే ఈ ఆటకి మొదట్నుంచీ బ్రేకులతోనే తంటా. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత, బరువు సైకిళ్లు వేసుకుని కొండ మీది మట్టిరోడ్డున కిందికి పందేలు మొదలుపెట్టారు. వాటికి ఉన్నవి పెడల్ వెనక్కి తొక్కితే పడే హబ్ బ్రేకులు, అంటే చక్రం మధ్య ఇరుసు భాగంలో ఉండేవి. కిందికి చేరేసరికి హబ్ కాలిపోయి లోపలి గ్రీజు పొగలు కక్కేది. మళ్లీ దిగాలంటే హబ్ విప్పి గ్రీజు కూరాల్సిందే. ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది అందుకే. నీకా బాధ లేదు. నీవి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అంటే చక్రం మధ్యనున్న లోహపు పళ్లేన్ని (డిస్క్) ద్రవం ఒత్తిడితో ప్యాడ్లు పట్టేవి, ఒక్క వేలు చాలు. నీ విషయంలో నా భయమల్లా ఆ ఒక్క వేలితోనే.

నేను మొదటిసారి పడింది ముందు బ్రేకు వల్లే. వాలులో మలుపు, కింద కదిలే గులకరాళ్లు. బెదిరిపోయి ఉన్న బలమంతా పెట్టి లీవర్ నొక్కేశాను. చక్రం అక్కడే బిగుసుకుంది, నేను హ్యాండిల్ మీంచి అవతలికి వెళ్లాను. చెయ్యి చాచి పడితే ఆ దెబ్బ నేరుగా భుజానికి పోతుంది. కాలర్ ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాను. ఆ కథ మీ అత్తయ్య నాకంటే బాగా చెబుతుంది.

కాబట్టి ఈ ఆదివారం గడ్డి ఉన్న చదును నేల చూసుకో. కొత్త బ్రేకు ప్యాడ్లు మొదట్లో సరిగా పట్టవు. కాస్త వేగం తీసుకుని, నడిచేంత నెమ్మదికి వచ్చేదాకా బ్రేకు వేసి వదులు. ఇలా ఓ ఇరవై సార్లు చేస్తే పట్టు కుదురుతుంది. తర్వాత డిస్క్‌ని ముట్టుకోకు, వేలు కాలుతుంది. చైనుకి నూనె వేసేటప్పుడు చుక్క కూడా డిస్క్ మీద పడకూడదు.

ఇక అసలు సాధన. ముందు వెనక బ్రేకు ఒక్కటే వేసి చూడు. చక్రం జారుతుంది, సైకిల్ మాత్రం త్వరగా ఆగదు. బరువు ముందుకి వస్తుంది కాబట్టి ఆపే బలమంతా దాదాపు ముందు చక్రానిదే. అలాగని దానికి దూరంగా ఉండటం కూడా తప్పే. చూపుడు వేలితో కొంచెం కొంచెంగా నొక్కుతూ, నడుము వెనక్కి తీసుకుని, మడమలు కిందికి దించు. మలుపులో మాత్రం వద్దు. మలుపు రాకముందే వేగం తగ్గించుకుని, తిరిగేటప్పుడు లీవర్లు వదిలెయ్. టైరుకి ఉన్న పట్టు కొంచెమే, దాన్ని తిరగడానికి వాడుకో.

వాలులో సీటు మీద కూర్చోకు. సీటు దించి, రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉంచి, మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంచి నిలబడు. ముందు చక్రం దగ్గరున్న రాయిని చూస్తూ ఉంటే కచ్చితంగా దాని మీదకే పోతావు. నాలుగైదు మీటర్ల అవతల దారి ఎటుందో అటు చూడు. ఎక్కేటప్పుడు మాత్రం సీటు పైకి లేపుకో: పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి.

టైరు పక్కన రాసి ఉన్న అంకె చూసి అంత గాలీ కొట్టేవాళ్లు ఉన్నారు. అది గరిష్ఠం. అంత గాలితో రాళ్ల మీద సైకిల్ బంతిలా ఎగురుతుంది. మరీ తక్కువైతే రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటు అంటాం. నీ బరువుకి, ట్యూబున్న టైరుకి 28 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, రెండేసి మార్చుకుంటూ చూడు.

హెల్మెట్ కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, నుదురంతా బయటికి కనిపించేలా వెనక్కి జరగకూడదు. ఒక్కసారి గట్టి దెబ్బ తిందంటే పగులు కనిపించకపోయినా మార్చెయ్, లోపలి ఫోమ్ నలిగిపోయి ఉంటుంది. గ్లోవ్స్, కళ్లద్దాలు, మోకాలి ప్యాడ్లు కూడా కొనుక్కో. రంగురంగుల జెర్సీ నీ ఇష్టం.

సంచిలో స్పేర్ ట్యూబు, టైరు లీవర్లు, పంపు, చైను కటర్ ఉన్న మల్టీటూల్ (చాలా పనిముట్లు ఒకదాన్లో ఉండేది), తెగిన చైను కలపడానికి నీ చైనుకి సరిపోయే క్విక్ లింక్, కట్టు కట్టే సామాను, నీళ్లు. వాడటం రాకపోతే ఇవన్నీ మోత బరువే. చక్రం విప్పాక పొరపాటున కూడా బ్రేకు లీవర్ నొక్కకు. ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి, మధ్యలోకి మళ్లీ డిస్క్ దూరదు.

దారుల గుర్తులు చాలాచోట్ల ఒకటే: ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యస్తం, నల్ల డైమండ్ కష్టం. ఒక కొండ మీది నీలం ఇంకో కొండ మీది నలుపంత ఉండొచ్చు. కొత్త దారిలో మొదటిసారి మెల్లగా పో. అనుమానం వచ్చిన చోట దిగి నడిచి చూడు, అవసరమైతే సైకిల్ నడిపించుకుంటూ దిగు. నేను ఇప్పటికీ దిగుతాను. వాన పడి బురదగా ఉన్న రోజు వెళ్లకు, చక్రాలు చేసే గాడులు దారినే పాడు చేస్తాయి. నడిచేవాళ్లకీ, గుర్రాలకీ, పైకి ఎక్కుతున్న సైకిళ్లకీ నువ్వే దారివ్వాలి.

ఒంటరిగా వెళ్లకు. ఏ దారిన వెళ్తున్నావో, ఎప్పటికి తిరిగొస్తావో ఇంట్లో చెప్పి వెళ్లు. తలకి దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, అయోమయం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజుకి సైకిల్ ముట్టుకోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బాగానే ఉందనిపించినా సరే, మళ్లీ ఎక్కడం డాక్టరు సరే అన్నాకే.

శనివారం సాయంత్రం ఇంట్లోనే వెనక చక్రం విప్పి, ట్యూబు మార్చి మళ్లీ బిగించు. ఎన్ని నిమిషాలు పట్టిందో రాయి. నాకు మొదటిసారి గంటకు పైనే పట్టింది, అదీ టైరు తిరగేసి ఎక్కించాను.

మీ మావయ్య