ఏ బ్రౌజర్ మంచిదని అడిగిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. హైదరాబాదులో ఉద్యోగంలో చేరి నెల తిరగకముందే, టీమ్‌లో ఒకరు క్రోమ్ ఉండగా వేరే బ్రౌజర్ తెరవడం దండగ అంటున్నారనీ, ఇంకొకరు ఫైర్‌ఫాక్స్ లేకపోతే లేఅవుట్ పని ముందుకు సాగదంటున్నారనీ, ఇద్దరూ సీనియర్లే కాబట్టి ఎవరి మాట పట్టుకోవాలో తేలడం లేదనీ రాశావు. ఇరవై ఏళ్లకు పైగా వెబ్ పేజీలు కట్టినవాడిగా, కట్టినవాటిని అంతకు రెట్టింపు సార్లు విప్పి బాగుచేసినవాడిగా చెబుతున్నాను, ఆ వాదంలోకి దిగకు. ఏ బ్రౌజర్ మంచిదన్న ప్రశ్న ఇంట్లో వాడుకునేవారికి సరిపోతుంది. పేజీలు తయారుచేసేవాళ్లం మనం అడగవలసింది, నా ముందు తెరిచి ఉన్న ఈ డెవ్‌టూల్స్ (పేజీని విప్పి పరీక్షించడానికి బ్రౌజర్‌లోనే ఉండే పనిముట్లు) ఏ ఇంజన్ తరఫున సాక్ష్యం చెబుతున్నాయి అని.

ముందుగా ఆ ఇంజన్ సంగతి తేల్చుకో. జనం చేతుల్లో ఉన్న బ్రౌజర్లకు పేర్లు ఎన్ని ఉన్నా, వాటిలో పేజీని గీసే ప్రధాన ఇంజన్లు మూడే. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నీ బ్లింక్ మీద నడుస్తాయి, ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్‌ను మొదలుపెట్టింది కాబట్టి ఆ రెండూ ఒక ఇంటివే అయినా, వేరు కాపురాలు పెట్టి చాలా కాలమైంది, వంటలు మారిపోయాయి. ఒపెరా అదే ఏడాది తన సొంత ఇంజన్ ప్రెస్టోను వదులుకుని బ్లింక్ వైపు వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో క్రోమ్‌కు పునాది అయిన, బ్లింక్‌తో నడిచే క్రోమియం మీద కట్టిన ఎడ్జ్‌ను విడుదల చేసింది. అందుచేత క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ చూసి "రెండు బ్రౌజర్లలో టెస్ట్ చేశాను" అని రాస్తే, ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కించినట్టే.

ఐఫోన్ దగ్గర తికమక ఇంకో రకంగా ఉంటుంది. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ దించుకున్నా, ఫైర్‌ఫాక్స్ దించుకున్నా లోపల పేజీని గీసేది వెబ్‌కిట్టే. యాప్ స్టోర్ నిబంధన అలాంటిది. 2024లో యాపిల్ దానిని యూరోపియన్ యూనియన్ దేశాల్లో సడలించింది గానీ ఆ సడలింపు మనకు వర్తించదు. కాబట్టి "మా ఐఫోన్‌లో క్రోమ్ తెరిస్తే పేజీ రావడం లేదు" అని ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు, నీ ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌ను రోజంతా తిరగేసినా ఆ తప్పు కనిపించకపోవచ్చు.

ఈ సంగతి నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక కళాశాల ప్రవేశాల కోసం కట్టిన పేజీలో, సర్వర్ పంపిన గడువు తేదీని ఉన్నది ఉన్నట్టుగా జావాస్క్రిప్ట్ భాషలో తేదీలను చదివే డేట్‌కు అప్పగించాను. అందులో ముందు సంవత్సరం, నెల, రోజు, వాటి మధ్య అడ్డగీతలు, తర్వాత ఒక ఖాళీ, ఆపైన గంటలు, నిమిషాలు ఉండేవి. క్రోమ్ మారుమాట లేకుండా దానిని తేదీగా మార్చుకుంది. ఐఫోన్ కూడా చూద్దామని ల్యాప్‌టాప్ క్రోమ్‌లోనే ఫోన్ తెరను అనుకరించి చూపే డివైస్ మోడ్ తెరిచి, జాబితాలో ఐఫోన్‌ను ఎంచుకుని, అంతా సవ్యంగా ఉందని తేల్చేశాను. మర్నాడు పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు, దరఖాస్తు బటన్ పనిచేయడం లేదని. సహోద్యోగి మ్యాక్‌ను అడిగి తీసుకుని, కేబుల్‌తో ఐఫోన్‌ను కలిపి, సఫారీ వెబ్ ఇన్‌స్పెక్టర్ తెరిస్తే, తప్పుల సందేశాలు కనిపించే కన్సోల్‌లో మొదటి ప్రయత్నానికే "ఇన్‌వాలిడ్ డేట్" అని వచ్చింది. ప్రమాణం ప్రకారం తేదీకీ గంటకూ మధ్య ఇంగ్లీషు టీ అక్షరం ఉండాలి. అది లేనప్పుడు ఏం చేయాలన్నది ఇంజన్ ఇష్టానికి వదిలేశారు. క్రోమ్ సర్దుకుపోయింది, ఆనాటి సఫారీ ఒప్పుకోలేదు, ప్రమాణం చదవని తప్పు నాది. ఖాళీ ఉన్నచోట ఆ అక్షరమూ, చివర మన కాలమానపు అయిదున్నర గంటల తేడా చేర్చేసరికి బటన్ కదిలింది.

డివైస్ మోడ్ పనికిరాదని నా ఉద్దేశం కాదు. అది తెర వెడల్పును, పిక్సెళ్ల సాంద్రతను, టచ్‌ను, బ్రౌజర్ తన పేరు చెప్పుకునే తీరును మారుస్తుంది, లోపలి బ్లింక్ మాత్రం బ్లింక్‌గానే ఉంటుంది; వేషం మారినంత మాత్రాన మనిషి మారడు కదా. అసలు ఫోన్‌లో ఉండే అడ్రస్ బార్ కూడా అందులో ఉండదు. పేజీ ఎత్తును వంద వీహెచ్, అంటే తెర ఎత్తంతా, అని ఇచ్చి అడుగున బటన్ పెట్టావనుకో, డివైస్ మోడ్‌లో అది చక్కగా కనిపిస్తుంది, చేతిలోని ఫోన్‌లో మాత్రం అడ్రస్ బార్ ఆక్రమించిన మేరకు కిందికి జారి తెర బయటికి పోతుంది. దీనికోసమే, అడ్రస్ బార్‌ను బట్టి మారే డీవీహెచ్ కొలత వచ్చింది, 2022 చివరికి మూడు ఇంజన్లలోనూ ఉంది, దానిని వాడు.

ఇక ఏ పనికి ఏది తెరవాలో చెబుతాను. లేఅవుట్ చిక్కు పడితే నేను ఇప్పటికీ ఫైర్‌ఫాక్స్‌నే తెరుస్తాను. కొంత అలవాటు కూడా కావచ్చు. 2006లో ఫైర్‌బగ్ అనే డీబగ్గింగ్ ఎక్స్‌టెన్షన్ వచ్చేదాకా కోడ్ మధ్యలో అలర్ట్‌లు పెట్టుకుంటూ చీకట్లో తడుముకున్న తరం మాది, ఆ ఫైర్‌బగ్ పుట్టింది ఫైర్‌ఫాక్స్‌లోనే. అలవాటును పక్కన పెట్టినా కారణం ఉంది. నువ్వు ఒక స్పాన్‌కు, అంటే వాక్యం మధ్యలో కొన్ని మాటలను చుట్టే ట్యాగ్‌కు, వెడల్పు ఇచ్చావు, పేజీలో ఏమీ మారలేదు అనుకో. ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్పెక్టర్‌లో ఆ వరుస బూడిద రంగులోకి మారి పక్కన చిన్న గుర్తు వస్తుంది, దానిమీద మౌస్ ఉంచితే, ఇది ఇన్‌లైన్ ఎలిమెంట్ కాబట్టి వెడల్పు వర్తించదనీ, డిస్‌ప్లే మార్చమనీ చెబుతుంది. 2019 నుంచి ఈ సదుపాయం ఉంది. క్రోమ్ కూడా తర్వాత నేర్చుకుంది. డబ్బాలను వరుసగా పేర్చే ఫ్లెక్స్ పద్ధతిలో డబ్బా ఒకటి అనుకున్నదానికంటే కుంచించుకుపోయినప్పుడు, దాని మొదటి కొలత ఎంత, ఎంత తగ్గింది, కనీస వెడల్పు దగ్గర ఎక్కడ ఆగింది అన్నదంతా బొమ్మ గీసి లెక్క చూపడం ఫైర్‌ఫాక్స్ ప్రత్యేకత. ఆ లెక్కను ఒక్కసారి నిదానంగా చదివితే, ఫ్లెక్స్ గురించి ట్యుటోరియల్ వీడియోలు చూడవలసిన అవసరం సగం తగ్గిపోతుంది.

తెలుగు పేజీలు చేస్తున్నానన్నావు కాబట్టి ఫాంట్స్ ట్యాబ్ గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో రోబోటో అని ఫాంటు పేరు రాసి ఉంటుంది, అందరూ పేజీలో కనిపిస్తున్నది రోబోటోనే అనుకుంటారు. రోబోటోలో తెలుగు అక్షరాలు లేవు. బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా ఆ పరికరంలో ఉన్న వేరే ఫాంటును తెస్తుంది: విండోస్‌లో సాధారణంగా నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో. రెండింటి అక్షరాల ఎత్తు ఒకటి కాదు, అందువల్ల నీ డెస్క్ మీద సరిపోయిన శీర్షిక ఫోన్‌లో సరిపోదు. ఫైర్‌ఫాక్స్‌లో ఫాంట్స్ ట్యాబ్, క్రోమ్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ అట్టడుగున ఉండే రెండర్డ్ ఫాంట్స్ భాగం, నిజంగా వాడిన ఫాంటు పేరు చెబుతాయి. "రాష్ట్రం" అన్న మాటను ఒక శీర్షికలో పెట్టి చూడు. "ష" కింద "ట" వత్తు, దానికి తోడు "ర" వత్తు వస్తాయి. ఇంగ్లీషు శీర్షిక కోసం లైన్-హైట్ (వరుస ఎత్తు) ఒకటి పాయింట్ రెండు అని పెట్టి, పొడవైన వాక్యం బయటికి రాకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి ఉంటే, ఆ వత్తుల అడుగుభాగం కత్తిరించినట్టు తెగిపోతుంది, పాఠకుడికి మాత్రం అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. రూల్స్ భాగంలో ఓవర్‌ఫ్లో పక్కన ఉన్న టిక్కు తీసెయ్యి, వత్తులు డబ్బా గీత దాటి కిందికి దిగి కనిపిస్తాయి. అప్పుడు లైన్-హైట్‌ను అక్కడే ఒకటి పాయింట్ ఆరు దాకా పెంచుకుంటూ పోయి, ఎక్కడ సరిపోయిందో అక్కడ ఆపి, ఆ అంకెను కోడ్‌లోకి తీసుకుపో. ఇంగ్లీషు మాత్రమే చదివే డిజైనర్‌కు ఈ సమస్యను మాటలతో వివరించి నేను ఎన్నోసార్లు విఫలమయ్యాను. టిక్కు తీసి చూపిస్తే క్షణంలో ఒప్పుకుంటారు.

వేగం దగ్గరికి వచ్చేసరికి నేను క్రోమ్ పక్షం. పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డు నొక్కి, నీ పేజీలో ఒక పని చేసి ఆపితే, పేజీ పనులను వరుసగా చేసే మెయిన్ థ్రెడ్ ఏ మిల్లీసెకనులో ఏం చేసిందో పటం వేసి చూపుతుంది; 50 మిల్లీసెకన్లు దాటిన పనికి ఎర్ర గుర్తు పెడుతుంది. రికార్డు చేసేముందు సీపీయూను నాలుగు రెట్లు నెమ్మది చేయి, ఎందుకంటే ఆఫీసు ల్యాప్‌టాప్ వేగం పల్లెలో చవక ఫోన్ పట్టుకున్న రైతుకు ఉండదు. గూగుల్ చెప్పే హద్దులు నువ్వు వినే ఉంటావు: పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలి, నొక్కిన దానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. ఆ రెండో కొలత ఐఎన్‌పీ, 2024 మార్చిలో మొదటి నొక్కుడు ఆలస్యాన్ని మాత్రమే కొలిచే పాత ఎఫ్ఐడీ స్థానంలోకి వచ్చింది. పాత పేరుతో ఉన్న సలహాలు చదివి సమయం పోగొట్టుకోకు. క్రోమ్‌లోనే ఉండే లైట్‌హౌస్ పేజీకి వేసే మార్కులను మాత్రం పరీక్ష మార్కుల్లా ఇంటికి పట్టుకుపోకు, ఒకే పేజీకి వెంటవెంటనే రెండుసార్లు నడిపితే రెండు అంకెలు వస్తాయి. ఎక్స్‌టెన్షన్లు లేని ఇన్‌కాగ్నిటో కిటికీలో నాలుగైదుసార్లు నడిపి మధ్య అంకెను తీసుకో.

నెట్‌వర్క్ ట్యాబ్ అన్నిటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, ఎక్కడ నేర్చుకున్నా ఫరవాలేదు. ఒక రిక్వెస్టును అక్కడికక్కడే మార్చి మళ్లీ పంపాలంటే ఫైర్‌ఫాక్స్, సర్వర్‌లోని ఫైలు బదులు నీ డిస్కులోని ఫైలును పేజీకి ఇచ్చి చూడాలంటే క్రోమ్‌లోని లోకల్ ఓవర్‌రైడ్స్ సులువు.

సఫారీ విషయంలో ఇబ్బంది డబ్బుది. విండోస్‌కు సఫారీ ఇవ్వడం 2012లోనే ఆగిపోయింది, దాని అసలు ఇన్‌స్పెక్టర్ కావాలంటే మ్యాక్ ఉండాలి. మీ ఆఫీసులో ఒక్క మ్యాక్ అయినా ఉంటుంది, దానికి పాత ఐఫోన్ ఒకటి కలిపి ఉంచమని మేనేజర్‌ను అడుగు. అది కుదరని రోజుల్లో బ్రౌజర్లను తానే నడిపి పరీక్షించే ప్లేరైట్ అనే సాధనంతో పాటు వచ్చే వెబ్‌కిట్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. అది అచ్చంగా సఫారీ కాదు గానీ నా తేదీ వంటి తప్పులను ముందే పట్టించే అవకాశం ఉంది. సఫారీ ఎప్పుడూ వెనకబడే ఉంటుందన్న మాటను కూడా గుడ్డిగా నమ్మకు. సీఎస్ఎస్‌లో, లోపల ఉన్నదాన్ని బట్టి బయటి డబ్బాను ఎంచుకునే హ్యాజ్ సెలెక్టర్ సఫారీలో 2022 మార్చిలో వస్తే, క్రోమ్‌లో ఆ ఆగస్టులో, ఫైర్‌ఫాక్స్‌లో 2023 డిసెంబరులో వచ్చింది. కొత్త లక్షణం ఏది వాడేముందైనా ఎండీఎన్ అనే వెబ్ డాక్యుమెంటేషన్ సైటులో దాని పేజీ అడుగున, ఏ బ్రౌజర్‌లో ఉందో చెప్పే పట్టిక చూడు. యాపిల్ పరికరాల్లో తెలుగును వేరుగా పరీక్షించమనడానికి ఇంకో కారణం చెబుతాను. 2018 ఫిబ్రవరిలో "జ్ఞ"కు కంటికి కనిపించని నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఒకటి, దీర్ఘం తోడైన ఒక అక్షర సమూహం వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెల 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మన అక్షరం ప్రపంచ వార్తల్లోకి అలా ఎక్కింది!

ఏ బ్రౌజర్‌లోనైనా ఒక జాగ్రత్త మరవకు, డెవ్‌టూల్స్ తెరిచి ఉండడమే పేజీ ప్రవర్తనను మార్చగలదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 రోజుల్లో నేను కోడ్‌లో ఒక కన్సోల్ లాగ్ (కన్సోల్‌లో సందేశం అచ్చువేసే ఆజ్ఞ) తీసెయ్యడం మరిచిపోయాను. క్లయింటు దగ్గర పేజీ ఆగిపోయేది. తప్పు వెతకడానికి నేను టూల్స్ తెరవగానే బాగైపోయేది. టూల్స్ తెరిస్తే తప్ప ఆ బ్రౌజర్‌లో కన్సోల్ అన్న వస్తువే ఉండదని తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి. ఇప్పుడు అంత మొరటుగా జరగదు గానీ, బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లను వాడవద్దని చెప్పే డిసేబుల్ క్యాష్ టిక్కు టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది కాబట్టి, నీకు కొత్త కోడ్, పక్కవారికి పాత కోడ్ కనిపించి గొడవ వస్తుంది. అలాగే కన్సోల్‌లో ఆబ్జెక్టును అచ్చువేసి తర్వాత బాణం గుర్తు నొక్కి విప్పితే కనిపించేది విప్పిన క్షణంలోని విలువ, అచ్చువేసిన నాటిది కాదు. ఆనాటి విలువే కావాలంటే బ్రేక్‌పాయింట్ పెట్టి కోడ్‌ను ఆ వరుస దగ్గరే ఆపు.

నా మట్టుకు పని జరిగే తీరు ఇది: రాసేటప్పుడు ఫైర్‌ఫాక్స్, పూర్తయ్యాక క్రోమ్, సాయంత్రం కోడ్ పంపేముందు ఒక నిజమైన ఆండ్రాయిడ్ ఫోన్, వారానికి రెండుసార్లు ఐఫోన్. మీ టీమ్ అలవాటు వేరైతే వరుస మార్చుకో, ఫోన్‌ను మాత్రం వదలకు.

అందుకే మీ అత్తయ్య వాడి పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఈ వారం పార్సిల్ చేస్తున్నాను. ర్యామ్ రెండు జీబీలే, తెర మీద ఒక మూల చిన్న బీట ఉంది, మనకు కావలసింది అలాంటిదే. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ డివైసెస్ పేజీ తెరువు. ఫోన్ పేరు జాబితాలో కనిపించకపోతే ఫోన్‌ను అనుమానించేముందు కేబుల్‌ను అనుమానించు. చార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుళ్లు చాలా ఉన్నాయి. నేను పెడుతున్నది డేటా కేబులే, మీ హాస్టల్‌లో ఎవరికీ చార్జింగ్‌కు అరువివ్వకు.

ఇట్లు,
మామయ్య