వేడి గాలి ఇస్తే మైలేజ్ పెరుగుతుందా?

ప్రశ్న: నాది పెట్రోల్ కారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోంచి కాలిన వేడి పొగ బయటికొచ్చే గొట్టాలు) పక్కనుంచి పైపు లాగి ఎయిర్ ఫిల్టర్‌కి వేడి గాలి ఇస్తే మైలేజ్ పెరుగుతుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, ఇంకొకడేమో అదేం కాదు, చల్లగాలి ఇన్‌టేక్ (బయటి చల్లగాలి పీల్చే కిట్) పెట్టించు అంటున్నాడు. ఎవరి మాట వినాలండీ? ఇంజిన్‌కి ఏమీ కాదు కదా?

జవాబు: మొదటి ఫ్రెండ్ మాటలో కొంత నిజం ఉందండీ, కానీ ఆ పైపు మాత్రం పెట్టొద్దు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది, 20 డిగ్రీల గాలి 50 డిగ్రీలకి వెళ్తే అదే జాగాలో పట్టేది సుమారు 9 శాతం తగ్గిపోద్ది. గాలి తగ్గితే పెట్రోల్ కూడా తక్కువ పడుద్ది కదా, అదే మిగులు అనుకుంటారు చాలామంది. అది కాదు, పవర్ తగ్గితే మీ కాలు యాక్సిలేటర్‌ని ఇంకాస్త తొక్కుతుంది, లెక్క మళ్లీ అక్కడికే వస్తుంది. అసలు మిగులు త్రాటిల్ దగ్గరుంది, అంటే యాక్సిలేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజిన్‌కి గాలి వదిలే తలుపు. మెల్లగా వెళ్లేటప్పుడు త్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది, పిస్టన్ ఆ సన్న సందులోంచి గాలి లాక్కోవాలి, సగం నొక్కేసిన స్ట్రాతో పీల్చినట్టు. గాలి పల్చగా ఉంటే అదే పవర్‌కి త్రాటిల్ ఇంకొంచెం ఎక్కువ తెరుచుకోవాలి, దాంతో ఆ లాగుడు శ్రమ తగ్గుతుంది, ఆ కాస్త పెట్రోల్ మిగులుతుంది. అంతే, చిన్న లాభం.

ఇప్పుడు నష్టం చూడండి. లోపలికి వెళ్లే గాలి 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, 10:1 కంప్రెషన్ ఉన్న (అంటే పిస్టన్ గాలిని పదో వంతు జాగాలోకి నొక్కే) ఇంజిన్‌లో నొక్కడం అయ్యేసరికి ఆ తేడా రెట్టింపు దాటిపోతుంది. లోడ్ మీద ఎత్తు ఎక్కుతున్నప్పుడు స్పార్క్ మంట అందకముందే మిగతా మిశ్రమం తనంతట తనే పేలుతుంది, అదే నాకింగ్. నాక్ సెన్సర్ (ఆ నాకింగ్‌ని పసిగట్టేది) ఉన్న బండి అయితే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది, ఇంజిన్ బతుకుతుంది కానీ మీరు మిగిల్చిన మైలేజ్ అక్కడే పోతుంది. సెన్సర్ లేని పాత బండిలో అయితే పిస్టన్, రింగులు, హెడ్ గాస్కెట్ దెబ్బతింటాయి, అది నిజంగా భయపడాల్సిన విషయం.

పాత కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) కార్లలో కంపెనీవాళ్లే మానిఫోల్డ్ దగ్గరనుంచి వేడి గాలి పైపు ఇచ్చేవాళ్లు కదా అంటారేమో, నిజమే. అది చలిలో పెట్రోల్ బాగా ఆవిరవడానికీ, కార్బొరేటర్ గొంతులో మంచు కట్టకుండా ఉండటానికీ. గాలి తగినంత వేడెక్కగానే ఒక ఫ్లాప్ వాలి మళ్లీ బయటి గాలి వచ్చేది. మీ ఫ్రెండ్ చెప్పే పైపుకి ఆ ఫ్లాప్ ఎక్కడుంది?

ఇక చల్లగాలి ఇన్‌టేక్. ఫుల్ యాక్సిలేటర్‌లో పవర్ కొంచెం పెరగొచ్చు, మైలేజ్ కోసమైతే దండగ. బానెట్ కింద బయటికి కనిపించేలా పెట్టే కోన్ ఫిల్టర్లయితే ఇంజిన్ వేడినే పీలుస్తాయి, మీ ఒరిజినల్ బాక్సు బండి ముందునుంచి గాలి తీసుకుంటోంది, అదే నయం. కొన్ని కిట్లలో ఫిల్టర్ బంపర్ వెనక కిందికి వస్తుంది, నీళ్లు నిలిచిన రోడ్డులో దిగితే ఇంజిన్ నీళ్లు తాగుతుంది, నీళ్లు నొక్కుడుపడవు కాబట్టి పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది. అలా ఆగిపోయిన బండిని దయచేసి మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు.

ప్రశ్న: చలికాలంలో మైలేజ్ తగ్గుతోంది, అంటే చల్లగాలి చెడ్డదనేనా?

జవాబు: ఒక్క ఇన్‌టేక్ గాలిదే తప్పు కాదండీ. ఆయిల్ చిక్కగా ఉంటుంది, వేడెక్కేదాకా ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, పైగా 0 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలికంటే సుమారు 11 శాతం బరువు, బండి దాన్ని చీల్చుకుంటూ వెళ్లాలి.

ప్రశ్న: డీజిల్ టర్బోకి?

జవాబు: డీజిల్‌లో పవర్‌ని గాలి దారి మూసి కాదు, డీజిల్ కొలిచి కంట్రోల్ చేస్తారు, కాబట్టి పైన చెప్పిన త్రాటిల్ లాభం దాదాపు ఉండదు. టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోసేది) దాటిన గాలి లోడ్ మీద 100 డిగ్రీలు దాటుతుంది, అందుకే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. దాని ముందు దుమ్ము పేరుకున్నా, పైపు చిట్లినా నల్ల పొగ, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతాయి.

ప్రశ్న: ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సర్‌కి చిన్న రెసిస్టర్ తగిలిస్తే పికప్, మైలేజ్ రెండూ పెరుగుతాయని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనొచ్చా?

జవాబు: వద్దు. ఆ సెన్సర్ చల్లబడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. మీరు తగిలించేది ఎప్పుడూ చలే అని ఈసీయూకి అబద్ధం చెబుతుంది, అది పెట్రోల్ పెంచి, చాలా బండ్లలో టైమింగ్ కూడా ముందుకి జరుపుతుంది. మామూలుగా వెళ్లేటప్పుడు ఈసీయూ ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చూసి పెట్రోల్ సరిచేసేస్తుంది కాబట్టి మీకేమీ మిగలదు, ఎండలో ఫుల్ లోడ్ మీద మాత్రం ముందుకి జరిగిన టైమింగ్ నాకింగ్‌కి దారి తీస్తుంది.

మీ సెన్సర్ మీదే అనుమానం ఉంటే రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు స్కానర్ (ఈసీయూలోని లెక్కలు, కోడ్‌లు చదివే పరికరం) పెట్టండి, ఇన్‌టేక్, కూలెంట్ టెంపరేచర్లు రెండూ దాదాపు ఒకటే చూపించాలి. ఇన్‌టేక్ మైనస్ 40 చూపిస్తూ పి 0113 అనే లోపం కోడ్ వస్తే వైరు తెగిందో కనెక్టర్ ఊడిందో అయ్యుంటుంది, సెన్సర్ కొనేముందు అది చూడండి.